ఏ పుస్తకం, ఎవరు, ఎవరితో

మా ఆయనకు ఒక పిచ్చి ఉండేది. తాగుడు కాదు, పేకాట కాదు. ఆ రెంటిలో ఏదో ఒకటి అయివుంటే నలుగురితో చెప్పుకుని ఏడవడానికైనా వీలుండేది. ఆయనది పుస్తకాల పిచ్చి. అదీ ఒకే ఒక్క రచయిత పుస్తకాలు. అందులోనూ ఆ రచయిత రాసినవాటిలో లోకం చదవకుండా వదిలేసినవి.

ఆ రచయిత మాయలూ మంత్రాలూ రాసేవాడు. మాట్లాడే గుర్రాలు, కదిలే కోటలు, నీడలు అమ్ముకునే మనుషులు. ఆయన రాసిన ఒక పెద్ద నవల వారపత్రికలో వచ్చి, తర్వాత టీవీలో కూడా వచ్చి ఇంటింటికీ తెలిసిపోయింది. మా ఆయన దాన్ని లెక్కలోకే తీసుకునేవాడు కాదు, బజారు సరుకు అనేవాడు. దానికి ముందూ వెనకా పొట్ట కోసం రాసి పడేసిన చిన్న నవలలుండేవి, జేబులో పట్టేంతవి, తిప్పితే పొడి రాలే కాగితం మీద అచ్చేసినవి. వాటికోసం ప్రాణం పెట్టేవాడు. రాయదుర్గం బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల అంగడి మూసేసిన రోజు రెండు గోనెసంచులు ఇంటికి మోసుకొచ్చాడు. శెనక్కాయ తెచ్చాడేమోనని సంతోషంగా ఎదురెళ్ళినదాన్ని నేను.

మేం సేద్యం చేసుకునేవాళ్ళం. వరసగా వానలు ఎగ్గొట్టి, బోరు కూడా ఎండిపోయాక చేను బీడు పెట్టి రాయదుర్గం వచ్చి జీన్స్ కుట్టే యూనిట్లో చేరాం. ఆయన చెయ్యి నిలకడైన చెయ్యి. కత్తిరింపు తొందరగా పట్టుబడి కటింగ్ మాస్టర్ అయ్యాడు. నేను వెనక జేబులు కుట్టేదాన్ని.

ఆట పుట్టింది అక్కడే. పొడుగు టేబులు మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, సుద్దతో గీసి, కరెంటు కత్తితో కోసి, ముక్కల్ని కట్టలు కట్టి మాకు పంపుతారు. మా ఆయన ప్రతి కట్టలో పైముక్క లోపలివైపు, సైజు నంబరు కింద, ఆ చిన్న నవలల్లో ఏదో ఒకదాన్నుంచి ఒక మాట సుద్దతో రాసేవాడు. కట్ట మిషన్లన్నీ దాటి దారాలు కత్తిరించేచోటు కూడా దాటేలోగా ఎవరైనా కింద జవాబు రాయాలి. ఏ పుస్తకం, ఎవరన్నారు, ఎవరితో అన్నారు. మూడూ కలిస్తేనే గెలుపు. తర్వాత ప్యాంట్లు ఉతుకుడుకు పోతాయి, సుద్దా పోతుంది. ఓనరు చూసినా ఏదో కొలతలనుకునేవాడు.

జవాబులు ఎక్కువగా రాసేది దారాలు కత్తిరించే ఆమె. నాకంటే చిన్నది, మొగుడు పోయినామె. మొదట్లో నేను అనుమానపడ్డాను కూడా. ఒకరోజు మిషన్ ఆపుకుని పోయి, ఆమె దగ్గరికి చేరిన కట్ట ఒకటి విప్పి, వాళ్ళేం రాసుకుంటున్నారో మొత్తం చదివాను. రాక్షసుడి ప్రాణం ఏ గుడ్డులో ఉందో తప్ప ఇంకేమీ లేదు. సిగ్గేసి వచ్చి మళ్ళీ కుట్టుకున్నాను.

ఫోన్లొచ్చాక ఆట వాట్సాప్‌లోకి ఎక్కింది. చిలమత్తూరులో ఒకరు, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో చేరారు. గుంతకల్లు నుంచి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒకాయన చేరి పెద్దరికం పుచ్చుకుని నియమాలు పెట్టాడు. జవాబు వచ్చేదాకా పుస్తకం తెరవకూడదు. ఒక్క అక్షరం మార్చకూడదు. పెద్ద నవల జోలికి అసలు పోకూడదు. ఎవరో కొత్తవాడు అందులోంచి ఒక మాట పెడితే గ్రూపులోంచే తీసేశారు.

నాకు తెలిసింది ఆ పెద్ద నవల ఒక్కటే. పెళ్ళైన కొత్తలో ఆయనే నాకు చదివి వినిపించాడు, చేను కాపలాకు పోయినప్పుడు. అప్పటికి ఆయనకు ఈ తెగులు ఇంత ముదరలేదు. ఆ సంగతి గుర్తుచేస్తే, "అదిప్పుడెందుకులేమే, అందరికీ తెలిసినదాంట్లో ఏముండాది" అనేవాడు. అందరికీ తెలిసినవాటిలో నేనూ ఒకదాన్ని అన్నట్టుండేది నాకు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

పోయిన ఎండాకాలం టేబులు దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే పక్కకు ఒరిగిపోయాడు. కరెంటు కత్తి ఆపు చేసి పడ్డాడని, లేకపోతే చెయ్యి పోయేదని అందరూ అన్నారు. కుడివైపు మొత్తం చచ్చుబడింది. మాట పోయింది. నోరు తెరిస్తే ఊపిరి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆకలా అంటే తల ఊపేవాడు. కడుపు నిండిందా అంటే దానికీ ఊపేవాడు. చంటిబిడ్డ ఏడుపునుబట్టైనా తెలుస్తుంది, ఆయన దగ్గర అదీ లేదు.

ఒకరోజు పొద్దున తడిగుడ్డతో వీపు తుడుస్తుంటే ఉన్నట్టుండి మాట వచ్చింది. గొంతు ఎక్కడా తడబడలేదు. "గుర్రాలకు నీళ్ళు పెట్టండి. తెల్లవారేలోగా కొండ దాటాలి."

ఏదో పట్టిందనుకున్నాను. దారాలు కత్తిరించే ఆమెకు ఫోన్ చేస్తే చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చింది. ఆయన ముందు కూర్చుంది. ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు. ఆమె ఏడుస్తా నవ్వుతా చెప్పింది. "వదినా, ఇది ఉప్పుకోట పుస్తకం. సేనాపతి కాపలావాళ్ళతో అంటాడు. అన్న యాడికీ పోలేదు వదినా, లోపలే ఉండాడు."

మా ఆయన సగం నోటితో నవ్వాడు. పడిపోయిన తర్వాత అదే మొదటి నవ్వు.

డాక్టరును అడిగాను. ఓపికగానే చెప్పాడు. "బాగా వల్లెవేసిన మాటలు మెదడులో వేరేచోట ఉంటాయమ్మా. కొందరు దేవుడి పాటలు పాడతారు, కొందరు ఎక్కాలు చెప్తారు. అవి వాటంతటవే జారి పడతాయి. ఆయన నీతో ఏదో చెప్తున్నాడని మాత్రం అనుకోవద్దు." నేను సగం నమ్మాను. ఆటవాళ్ళు అసలు నమ్మలేదు.

ఆదివారమైతే చాలు ఆమె వచ్చేది. అప్పుడప్పుడు గుంతకల్లు నుంచి గార్డాయన కూడా వచ్చేవాడు. మా ఆయన ఒక మాట అనడం, వీళ్ళు ఏ పుస్తకం, ఎవరు, ఎవరితో అని చెప్పడం, ఆయన నవ్వడం. ఆ గదిలో వాళ్ళు ముగ్గురూ బాగుండేవాళ్ళు. టీ ఇచ్చి గడప దగ్గర నిలబడేదాన్ని. వాళ్ళు వెళ్ళిపోయాక పక్కబట్టలు మార్చేది నేను. ఒంటికి పోసుకుంటే తుడిచేది నేను. నాతో ఉన్నప్పుడు గోడవైపు చూస్తూ ఉండేవాడు. కుళ్ళుకున్నాను, దాచడమెందుకు. బాగున్నప్పుడు నాతో ఆడని మనిషి, మాట పోయాక కూడా వాళ్ళతోనే మాట్లాడుతున్నాడని ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో కాలు పుచ్చింది. చచ్చుబడిన కుడికాలు మంచం ఇనుప పట్టీకి రాసుకుని బొబ్బ లేచింది. ఆయనకు నొప్పి తెలియదు, చక్కెర జబ్బు ఉండనే ఉంది. నేను కట్టు కడుతూనే ఉన్నాను, వేళ్ళు నల్లబడుతూనే ఉన్నాయి. అనంతపురంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే ఆపరేషన్ చేసే డాక్టరు కట్టు విప్పీ విప్పకముందే మొహం తిప్పుకున్నాడు. మోకాలి కింద తీసేయాలన్నాడు. సంతకం పెడితే రేపే చేస్తానన్నాడు.

నా చెయ్యి లేవలేదు. మా బావగారికి, అంటే ఈయన అన్నకు, ఇట్లాగే చక్కెర జబ్బుతో కాలు తీశారు. మా ఇంట్లోనే ఒక మూల కూర్చునేవాడు. ఎవరొచ్చినా దుప్పటి పైకి లాక్కునేవాడు. పోయేదాకా చాకిరీ చేసింది మేమే. ఆయన్ని సాగనంపి వచ్చిన రోజు మా ఆయన గోడకు ఆనుకుని, నా మొహంలోకి సూటిగా చూసి అన్నాడు. "నాకీ గతి పట్టనీద్దు. ముక్కలైపోయి బతికేదానికంటే నిండుగా పోయేదే నయం. నువ్వు సంతకం పెట్టినావంటే, బతికినన్నాళ్ళూ నీ మొగం చూడను."

అందుకని ఆయన నోటితోనే వినాలనుకున్నాను. మంచం దగ్గర వంగి అడిగాను. "కాలు తీసేయమంటాండాడు డాక్టరు. తీయించేదా?" తల ఊపాడు. "వద్దా?" దానికీ ఊపాడు. ఇక నాకు దిక్కు ఆటవాళ్ళే. ఇద్దరికీ ఫోన్ చేసి, మీరే ఏదో ఒకటి చేసి కనుక్కోండి అన్నాను. ఆమె బస్సెక్కి వచ్చింది, గార్డాయన రైలెక్కి వచ్చాడు.

గార్డాయన గొంతు సవరించుకున్నాడు. "అడిగేదానికి ఒక పద్ధతి ఉండాది తల్లీ. ఒక పుస్తకంలో రాతి తలుపుకు కావలివాడు తన చెయ్యి ఇచ్చేసి ప్రాణంతో బయటపడతాడు. ఇంగో పుస్తకంలో రాజు పాము కరిచిన వేలు కోయనీడు, నిండుగా చచ్చిపోతాడు. ఆ రెండు మాటలూ మేం అంటాము. ఆయప్ప దేన్ని అందుకుంటాడో చూస్తాము." వినడానికి నాకు పిచ్చితనంగానే ఉంది. కానీ అంతకంటే మంచి దారి నా దగ్గర లేదు.

అంతలో నర్సు పిలిచి మందులు తెమ్మని చీటీ ఇచ్చింది. నేను తెచ్చేసరికి ఇద్దరూ వరండాలో ఉన్నారు. గార్డాయన మొహం వెలిగిపోతోంది.

"చెప్పినాడు తల్లీ."

"ఏమన్నాడన్నా? తీయమన్నాడా, వద్దన్నాడా?"

"మేమనిన రెండింట్లోదీ కాదు. ఇంగేదో పుస్తకంలో మాట. అది యాడిదో, ఎవురు ఎవురితో అన్నారో తేలితే గానీ అర్థం కాదు. సగం తెలిసి చెప్తే నువ్వు తప్పుదోవ పడతావు. ఒక్క పూట తాళు. ఇంటికి పోయి పుస్తకాలు తిరగేసి వస్తాను."

ఆ మాటేదో నాకూ చెప్పమని నేను అడగలేదు. చెప్పినా ఆ చిన్న పుస్తకాల్లోదే కదా, నాకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళూ వాళ్ళు నన్ను అట్లా అనుకునేలా చేశారు.

గార్డాయన గుంతకల్లుకు పోయాడు. ఆమె వరండాలో కూర్చుని ఫోన్లో గ్రూపువాళ్ళందరినీ అడగడం మొదలుపెట్టింది. ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. ఎవరో తలారి ముందు తల వంచిన ఖైదీ మాట అన్నారట. ఎవరో మాయవస్త్రం నేసే ముసలిదానితో కోడలు అన్నమాట అన్నారట. ఖైదీదైతే చావనివ్వమని అర్థం, కోడలిదైతే ఏ అర్థమూ లేదు. ఆమె ఆ సంగతులు నాకు చెప్తుంటే మా ఆయనకు జ్వరం పెరుగుతోంది. పక్క మంచంవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. మర్నాడు డాక్టరు వచ్చి, ఇంకా ఏం ఆలోచిస్తున్నావమ్మా, నలుపు పైకి పాకుతోంది అని గట్టిగానే అన్నాడు. సాయంత్రానికి చెప్తానన్నాను.

సాయంత్రం గార్డాయన గుడ్డసంచి నిండా పుస్తకాలతో దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయినట్టు లేడు. ఇద్దరూ వరండాలో నేలమీద కూర్చుని పుటలు తిప్పుతూ వాదులాడుకోవడం మొదలుపెట్టారు. ఇది కాదు, అది కాదు, ఆ ఖైదీ మాట వేరే, చూడు. వాళ్ళ మొహాల్లో బాధ ఉంది. అబద్ధమెందుకు చెప్పాలి, మా ఆయనంటే ప్రాణమే వాళ్ళకు. కానీ ఆ బాధ కింద ఆట కూడా ఉంది. దొరకని మాట దొరికితే బాగుండునన్న ఆబ ఉంది. అది చూశాక నాకు ఆగలేదు. గార్డాయన చేతిలో పుస్తకం లాగి సంచిలో పడేశాను.

"ఈడ మనిషి కుళ్ళిపోతాండాడు. ముందు ఆ మాటేందో చెప్పు."

గార్డాయన బిత్తరపోయి చెప్పాడు. "వెలుతురు ఉండగానే మొదలుపెట్టు. చీకటిపడితే నీ చెయ్యి వణుకుతుంది."

"ఇది పెద్ద పుస్తకంలోది కదన్నా" అన్నాను. "రౌతు భుజంలో బల్లెం విరిగి ఉండిపోతాది. మందులమ్మే ఆమె కూతురు కోసి తీయల్ల. దానికి భయం. అప్పుడు రౌతు ఆ పిల్లతో అంటాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ నవల తెరిచి ముప్పై ఏళ్ళైవుంటుందని గార్డాయన నెమ్మదిగా అన్నాడు. ఆమె ఎప్పుడూ పూర్తిగా చదవలేదట, టీవీలో చూసి వదిలేసిందట. ఊళ్ళో చదువుకున్న ఏ ఆడదాన్ని అడిగినా చెప్పే మాట కోసం రెండు రోజులు చిన్న పుస్తకాలన్నీ దులిపారు. తిట్టడానికి కూడా నాకు మనసు రాలేదు. ఎందుకంటే ఆ క్షణంలో నాకు సంతోషంగా ఉంది. ఇట్లాంటిచోట సంతోషమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. మా ఆయన, వాళ్ళు అడిగిన పుస్తకాలు రెండూ పక్కకు నెట్టి, నాకు చదివి వినిపించిన పుస్తకంలోంచి జవాబిచ్చాడు. అంటే వాళ్ళకు కాదు, నాకు చెప్పాడు. కొయ్యి, భయపడొద్దు, తొందరగా కానివ్వు అన్నాడు.

లోపలికి పోయి ఆయన చెవి దగ్గర చెప్పాను. ఏ పుస్తకం, ఎవరు, ఎవరితో. నా జీవితంలో నేను ఆ ఆట ఆడింది ఆ ఒక్కసారే. ఆయన సగం నోటితో నవ్వాడు. కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. బయటికి వచ్చి సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు.

మోకాలి కింద అన్నది, మోకాలి పైన తీశారు. ఆ రెండు రోజుల్లో అంతదాకా పాకిందన్నాడు డాక్టరు. ఇంకో రోజు ఆగివుంటే మనిషే దక్కేవాడు కాదన్నాడు.

ఇంటికి తెచ్చుకున్నాను. పుండు మానింది. కాలు ఉండాల్సినచోట పరుపు చదునుగా ఉంటే మొదట్లో చూడలేకపోయేదాన్ని, తర్వాత అలవాటైంది. ఆయనకు సేవ చేయడంలో నాకు విసుగు తగ్గింది కూడా. నన్నడిగి చేయించుకున్నాడు, నేను చేశాను, మా మధ్య ఒక మాట ఉంది అనుకునేదాన్ని. పొద్దున్నే తల దువ్వుతూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పేదాన్ని. ఎవరి మేకలు ఎవరి చేలో పడ్డాయో, ఏ యూనిట్లో పని తగ్గించారో, మబ్బులు ఎట్లా వచ్చి ఎట్లా పోయాయో.

ఒక మధ్యాహ్నం సంగటి ముద్ద, పప్పు తెచ్చి ముందు పెట్టాను. ఆయన కంచం వైపు చూశాడు.

"వెలుతురు ఉండగానే మొదలుపెట్టు. చీకటిపడితే నీ చెయ్యి వణుకుతుంది."

ఆకలితో అన్నాడేమో, తొందరగా పెట్టమన్నాడేమో అని సర్దుకున్నాను. మర్నాడు ఫ్యాను స్విచ్ వేస్తే ఫ్యానుతో అన్నాడు. కిటికీలో వాలిన కాకితో అన్నాడు. దారాలు కత్తిరించే ఆమె ఆదివారం వచ్చి ఎట్లుండావన్నా అంటే ఆమెతోనూ అదే అన్నాడు, అదే గొంతుతో, అదే సగం నవ్వుతో. గుర్రాలు, కొండలు, ఉప్పుకోట అన్నీ పోయాయి. ఇక ఆయన దగ్గర మిగిలింది ఆ ఒక్క మాట.

ఆమె నా వైపు చూసింది. తెలివైనది, అర్థమైంది. ఏ పుస్తకమో చెప్పలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, పనుంది వదినా అని లేచిపోయింది. తర్వాత ఆదివారాలు రావడం తగ్గించింది. గార్డాయన ఫోన్ చేసి, "ఇప్పుడేమన్నా అంటాండాడా తల్లీ?" అని అడిగితే, "లేదన్నా, ఏమీ అనడం లేదు" అన్నాను. ఆయనకు తెలియాల్సిన అవసరం లేదు. ఆ జవాబు దొరకలేదని రెండు రోజులు నిద్రపోని మనిషి, అది జవాబే కాదని తెలిస్తే ఇక నిద్రపోడు.

నా నిద్ర సంగతి వేరే. సంతకం పెట్టకపోయుంటే ఈయన పోయేవాడు, అది నాకు తెలుసు. తప్పు చేశానని అనుకోవడం లేదు. కానీ ఆయన అనుమతి ఇచ్చాడనుకుని కోయించాను, ఆయన ఇవ్వలేదు. నాతో మాట్లాడాడనుకున్నాను, మాట్లాడలేదు. ఇన్నేళ్ళకు ఒక్కసారి నా పుస్తకంలోంచి నాకో మాట దొరికిందని ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఏడుపు కాదు, కోపం వస్తుంది. ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియదు.

నిన్న గడ్డం గీస్తూ అడిగేశాను. డొంకతిరుగుడు లేకుండా, నా మాటల్లోనే.

"కాలు తీయించినందుకు నామీద కోపమా?"

తల ఊపాడు.

"తీయించకపోయుంటే సచ్చిపోయుంటావు. అదే బాగుండునా?"

ఊపాడు.

"బతికించింది మంచిదే అంటావా?"

దానికీ ఊపాడు. నురగ తుడిచి, గడ్డం పట్టుకుని ఆయన మొహం నా వైపు తిప్పుకున్నాను.

"నేనెవురో తెలుస్తాందా నీకి?"

అంతే మెల్లగా, అదే తీరున, తల ఊపాడు.